రోమన్లను ఒక్క పీరియడ్‌లో ముగించడం ఎలా?

తమిళనాడు తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకంలో గ్రీకులూ రోమన్లూ ఒకే పాఠంలో వస్తారు. ధర్మపురిలో ఆ పాఠం చెప్పాల్సిన మాస్టారి అవస్థ పగవాడికి కూడా వద్దు. ఎదురుగా ఉన్న పిల్లల్లో కొందరికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మేనమామ ఊళ్ళో కన్నడం. నెట్‌లో దొరికేది ఇంగ్లిషు. రోమన్లేమో లాటిన్ మాట్లాడి పోయారు. ఇన్ని భాషల మధ్య పాఠం గట్టెక్కాలంటే పిల్లలకు ఆలోచించే సందు ఇవ్వకూడదు. అందుకు పనికొచ్చే చిట్కాలు ఇవి. తు.చ. తప్పకుండా పాటిస్తే బెల్లు కొట్టేలోపు సామ్రాజ్యం లేస్తుంది, పడుతుంది, హోంవర్కు ఇవ్వడానికి ఇంకో రెండు నిమిషాలు మిగులుతాయి.

1. మొదట కనిపించిందే నిజం

వెతికినప్పుడు మొదట వచ్చిన పేజీనే నమ్మండి. రెండో పేజీ తెరిచే మాస్టారు అనుమానపు మనిషి. అలాంటివాళ్ళకు పోర్షన్ ఎప్పటికీ పూర్తి కాదు. జూలియస్ సీజర్ రోమ్ చక్రవర్తి అని మొదటి పేజీలో ఉంటే అదే బోర్డు మీద రాయండి. ఆయన చక్రవర్తి కానేలేదనీ, క్రీ.పూ. 44లో ఆయన్ని పొడిచి చంపిన పదిహేడేళ్ళకు, క్రీ.పూ. 27లో అగస్టస్‌తో చక్రవర్తుల వరస మొదలైందనీ చెప్పే పేజీలు కిందెక్కడో ఉంటాయి. అంత కిందికి జరిపితే వేలు నొప్పి. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడన్నది కూడా అలాగే ఉంచండి. ఆ మంటలు క్రీ.శ. 64 నాటివి, ఫిడేలు పుట్టింది ఆ తర్వాత వెయ్యేళ్ళు దాటాకే. ఈ సంగతి క్లాసులో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి ఎవరైనా లేస్తేనే బయటపడుతుంది. ఆ అమ్మాయిని ముందే చివరి బెంచీకి పంపండి.

బొమ్మల విషయంలోనూ అంతే. రోమన్ విగ్రహాలు తెల్లటి పాలరాయివి, అక్కడితో ఆపండి. వాటికి అప్పట్లో రంగులు వేసేవారని, ఆ రంగుల ఆనవాళ్ళు కొన్నిటి మీద ఇప్పటికీ ఉన్నాయని చెప్పారో, పిల్లలు "మన గుడి గోపురం లాగానా సార్?" అంటారు. పోలికలు మొదలైతే పాఠం ఆగదు.

2. సినిమా ఉండగా చరిత్ర ఎందుకు?

హైటెక్ ల్యాబ్ తాళంచెవి దొరికిన రోజున సినిమా ముక్క ఒకటి చూపించేయండి. 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' అయితే మరీ మంచిది. నెట్ మధ్యలో ఆగి తెర మీద చక్రం తిరుగుతున్నంతసేపూ రథాల పందెం గురించి చెప్పొచ్చు. బొటనవేలు కిందికి చూపితే ఓడినవాణ్ణి చంపేవారని పిల్లలు క్షణంలో నేర్చుకుని, సాయంత్రం కబడ్డీలో వాడతారు. ఆ సైగకు పేరు తెచ్చింది 1872లో ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ వేసిన పెయింటింగ్ అనీ, 'గ్లాడియేటర్' దర్శకుడికి ప్రేరణ కూడా అదేననీ, అసలు రోమన్లు వేలు ఎటు తిప్పేవారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారనీ చెప్పకండి. పండితులకే తేలనిది తొమ్మిదో తరగతికి దేనికి?

3. థర్మకోల్ కలోసియం

ప్రాజెక్టు లేని రోమ్ పాఠం చెల్లదు. అందరికీ ఒకే ప్రాజెక్టు ఇవ్వండి: కలోసియం. బస్టాండు పక్క జిరాక్స్ షాపులో కంప్యూటర్ తెర మీద 'రోమన్ ప్రాజెక్ట్' అని ఒక ఫోల్డర్ సిద్ధంగా ఉంటుంది. పేరూ సెక్షనూ మార్చి కలర్ ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు. నలభై మందివీ ఒకేలా ఉంటే దిద్దడం సులువు. నలుగురి పుస్తకాల్లో పాత పేరు మార్చడం మరిచిపోయి, నిరుడు పాసైపోయిన కుర్రవాడి పేరే ఉంటే దాన్ని సంప్రదాయ పరిరక్షణగా భావించి సంతకం పెట్టండి.

మోడల్ మాత్రం ఇంట్లో చెయ్యాలి. అంటే అమ్మ చెయ్యాలి. రాత్రి పదకొండింటికి థర్మకోల్‌ని కొబ్బరికాయ పగలగొట్టే కత్తితో కోస్తే అంచులు పొడిపొడిగా రాలి, ఒకవైపు గోడ కూలినట్టు కనిపిస్తుంది. నిజమైన కలోసియానికీ ఒకవైపు బయటి గోడ కూలిపోయింది కాబట్టి దానికి అదనంగా రెండు మార్కులు వేయవచ్చు. చెమ్కీ పొడి తప్పనిసరి. పైన జెండా ఉండాలి, ఏ దేశానిదైనా ఫర్వాలేదు. క్రీ.శ. 80లో ప్రారంభమైన ఆ కట్టడంలో దాదాపు యాభై వేలమంది ఎలా పట్టేవారు, అన్ని దారుల గుండా ఎలా బయటికొచ్చేవారు అన్నవి మోడల్‌లో కనిపించవు. అడగకండి. ఫెవికాల్ ఇంకా ఆరలేదు.

4. చుట్టుపక్కల తవ్వకాల జోలికి పోవద్దు

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. రోమ్ ఇటలీలో ఉంది. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

ఒక్కసారి కొంగునాడు వైపు తిరిగారంటే రోమన్లు గంపలకొద్దీ వచ్చి పడతారు. హొగెనకల్లులో దూకిన కావేరి కిందికి పోయి కరూరు దాపునుంచి వెళుతుంది. ఆ కరూరు దగ్గర అమరావతి నది ఇసుకలో రోమన్ నాణేలు దొరికాయి. కోయంబత్తూరు పక్క వెల్లలూరులో దొరికాయి. కొడుమనల్‌లో ఇనుము కరిగించి, రాళ్ళతో పూసలు చేసిన ఊరు బయటపడింది. పడియూరు వైడూర్యాలంటే రోమన్లు పడిచచ్చేవారు. పుదుచ్చేరి పక్క అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్విస్తే ఇటలీలో చేసిన ఎర్ర మట్టిపాత్రల పెంకులు, ద్రాక్షసారా తెచ్చిన జాడీల ముక్కలు బయటికొచ్చాయి. ధర్మపురి నుంచి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. ఇలాంటివి చెబితే పిల్లలు టూర్ అడుగుతారు, పర్మిషన్ లెటర్లు మీరే రాయాలి.

పుదుక్కోట్టై నాణేల ఫొటోలు మాత్రం పొరపాటున కూడా జూమ్ చేయకండి. 1898లో అక్కడ 501 బంగారు నాణేలు దొరికాయి. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఒకటి కనిపిస్తుంది. పెద్ద చేసి చూపిస్తే క్లాసంతా ఒక్కసారి లేస్తుంది: "ఎవరు కొట్టారు సార్? కోపమా? బంగారం మంచిదో కాదో చూశారా? ఇక చెల్లదని చెప్పడానికా?" ఈ ప్రశ్నలన్నీ పరిశోధకులు కూడా అడిగారు. మీ పిల్లలు పరిశోధకుల స్థాయికి వెళితే యూనిట్ టెస్టు ఎవరు రాస్తారు?

5. డబ్బు సంగతి ఎత్తవద్దు

భారతదేశం ఏటా రోమ్ నుంచి అయిదు కోట్ల సెస్టెర్సులు లాగేసుకుంటోందని ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి పుస్తకంలోనే వాపోయాడు. ఈజిప్టులోని ఒక్క రేవు నుంచే ఏటా 120 ఓడలు ఇటు బయలుదేరేవని స్ట్రాబో అనే గ్రీకు రచయిత రాశాడు. ఆ దేశంలోనే బెరెనికే రేవు గుడిలో, మన దేశపు జాడీలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. ఇవన్నీ నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ప్రమాదం కూడా అదే. పెంకులూ నాణేలూ చూసినవాడు చక్రవర్తుల జాబితా బట్టీపట్టడానికి మొండికేస్తాడు. మిరియాలు తూచినవాడెవడు, ఓడ మునిగితే నష్టం ఎవరిది అని మొదలెడతాడు.

తెలుగిళ్ళ పిల్లలతో ఇంకా జాగ్రత్త. దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటికి చిల్లు ఉంది, కొన్నిటికి కొక్కెం అతికించి ఉంది. అంటే మనవాళ్ళు వాటిని మెళ్ళో వేసుకున్నారు. ఇది విన్న అమ్మాయి ఇంటికెళ్ళి అమ్మమ్మ కాసులపేరును భూతద్దంతో చూడటం ఖాయం. మర్నాడు అమ్మమ్మే బడికి వస్తుంది.

6. ఊరి పేరు వెతకనివ్వకండి, లేదా వెతకనిచ్చి వదిలేయండి

తెలుగులో 'ధర్మపురి' అని కొడితే గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ధర్మపురి వస్తుంది. పిల్లవాడు ఆ క్షేత్రం గురించే రెండు పేజీలు రాసుకొస్తే దిద్దకుండా మార్కులు వేయండి. దిద్దబోతే, ఆ ధర్మపురికి దగ్గర్లోని కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయని మీరే చెప్పాల్సి వస్తుంది. ఇక్కడి ధర్మపురి పాతపేరు తగడూరు అనీ, కవయిత్రి అవ్వైయారుకు ఉసిరికాయ ఇచ్చిన రాజు అధియమాన్ ఊరు ఇదేననీ, సంగం కవులు యవనుల (అంటే గ్రీకుల, రోమన్ల) ఓడల గురించి కూడా రాశారనీ అది సాగుతుంది. రోమన్లూ అధియమాన్లూ ఒకే కాలపట్టికలో పడ్డాక వాళ్ళను విడదీయడం మీ తరం కాదు.

7. మ్యూజియం తెరలోనే బాగుంటుంది

లండన్, రోమ్ మ్యూజియాల వర్చువల్ టూర్ చేయించండి, చెమట పట్టదు. నేపుల్స్ మ్యూజియం పేజీ మాత్రం బ్లాక్ చేయండి. క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పొంపేయీలో, 1938లో దొరికిన దంతపు బొమ్మ అక్కడుంది. నగలు, జడ, చెలికత్తెలు చూసి మనూరి ఆడమనిషే అంటారు పిల్లలు. చాలా కాలం దాన్ని లక్ష్మి అన్నారు, తర్వాత యక్షి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ బొమ్మ అంత దూరం ఎలా వెళ్ళిందని అడిగితే జవాబు మ్యాపు మీద గీయాలి. మ్యాపు స్టాఫ్ రూములో బీరువా వెనక ఉంది.

8. ఎంత జాగ్రత్తపడినా ఎవడో ఒకడు

మూడో బెంచీలో ఒకడుంటాడు. "వాళ్ళు మన దగ్గర మిరియాలు కొన్నారు, సరే సార్. మనం వాళ్ళ దగ్గర ఏం కొన్నాం?" అంటాడు. ద్రాక్షసారా, పగడాలు, గాజు, రాగి, తగరం, సీసం అని ఆనాటి నావికుడొకడు రాసిన 'పెరిప్లస్'లో ఉంది, దాని అనువాదం నెట్‌లో ఉంది. మీరు "సిలబస్‌లో లేదు" అనండి. వాడు మళ్ళీ అడిగితే బోర్డు తుడవమనండి. తుడుస్తూ కూడా అడిగితే మీకు మిగిలేది ఒకటే: "నాకూ తెలీదురా, దా, చూద్దాం" అని కుర్చీ వాడి వైపు జరపడం. అంతవరకూ రాకుండా చూసుకోండి. వచ్చిందంటే రోమ్ పాఠానికి ఒక వారం పడుతుంది, పోర్షన్ వెనకబడుతుంది, హెడ్మాస్టరుకు సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది.