రికార్డు బద్దలైంది, లెక్క తేలలేదు

ప్రపంచ సినిమా చరిత్రలో అత్యధిక వసూళ్లు ‘అవతార్’వి. 2009 డిసెంబరులో విడుదలై, ఆపై మళ్లీ మళ్లీ విడుదలై, మొత్తం మీద సుమారు 292 కోట్ల డాలర్లు రాబట్టింది. దాని వెనకే 280 కోట్లతో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’, ఆ తర్వాత ‘అవతార్’ రెండో భాగం, ‘టైటానిక్’ నిలిచాయి. నాలుగింట్లో మూడు జేమ్స్ కామెరాన్‌వే. నీలి రంగు మనుషులైనా, మునిగే ఓడైనా, ఆయన చేతిలో పడితే టికెట్ తెగాల్సిందే.

రికార్డులు ఎలా బద్దలవుతాయో 2019లో బాగా తెలిసింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ‘ఎండ్‌గేమ్’ పరుగు ‘అవతార్’కు కాస్త ఇవతల నెమ్మదించింది. జూన్ నెలాఖరులో దానికి కొత్త సరుకు తగిలించి మళ్లీ థియేటర్లకు పంపారు. ఆ సరుకేమిటంటే, చివర్లో పేర్లన్నీ పడ్డాక, గ్రాఫిక్స్ పని సగంలో ఆగిన హల్క్ సీను ఒకటి, కామిక్స్ రచయిత స్టాన్ లీకి నివాళి, రాబోయే స్పైడర్‌మ్యాన్ సినిమాలోని ఓ ముక్క. మూడు గంటల సినిమాను ఇంకోసారి చూసి, అప్పటికీ సీట్లోంచి లేవని భక్తులకు దక్కిన ప్రసాదం అది. జూలైలో రికార్డు బద్దలైంది. 2021 మార్చిలో ‘అవతార్’ చైనాలో మళ్లీ విడుదలై కిరీటం వెనక్కి లాక్కుంది. ఇంత సంగ్రామంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ‘అవతార్’ స్టూడియో ఫాక్స్‌ను 2019 మార్చిలో డిస్నీ కొనేశాక రెండు సినిమాలూ దానివే. గెలిచిందీ డిస్నీయే, ఓడిందీ డిస్నీయే. మధ్యలో కొట్టుకు చచ్చింది అభిమానులు.

పైగా ఈ జాబితాలో లెక్కకొచ్చేది డబ్బే, మనుషులు కారు. 1939 నాటి ‘గాన్ విత్ ది విండ్’కు అన్ని విడుదలలూ కలిపి ఒక్క అమెరికాలోనే సుమారు 20 కోట్ల టికెట్లు తెగాయని అంచనా. అప్పట్లో ఆ దేశ జనాభా 13 కోట్లు. ధరల పెరుగుదలను కలిపి చూస్తే అగ్రస్థానం దానిదే. పాపం, త్రీడీ కళ్లద్దాల పేరుతో అదనంగా గుంజే యోగం దానికి లేకపోయింది.

తెలుగునాట ఈ శాస్త్రం ఇంకా ముదిరింది. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి పన్ను, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. పోస్టర్ ఎక్కేది గ్రాస్, బయ్యర్ తల పట్టుకునేది షేర్ చూసి. ‘బాహుబలి’ రెండు భాగాలూ (2015, 2017) అందనంత ఎత్తుకు పోవడంతో ‘నాన్ బాహుబలి రికార్డు’ అనే కొత్త విభాగం పుట్టింది. క్లాసు ఫస్టు వచ్చిన పిల్లాడికి టీసీ ఇచ్చి పంపేశాక, మిగిలిన వాళ్లలో ఫస్టు వచ్చినట్టన్నమాట. ఒకప్పుడు వంద రోజులు ఆడితేగానీ వేడుక జరిగేది కాదు. ఇప్పుడు మూడో రోజుకే సక్సెస్ మీట్.

హాలీవుడ్‌ది దీనికి తిరగేసిన విద్య. 1994లో వచ్చిన ‘ఫారెస్ట్ గంప్’ 67 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మూల నవల రాసిన విన్‌స్టన్ గ్రూమ్‌కు నికర లాభంలో 3 శాతం ఇవ్వాలని ఒప్పందం. తీరా ఆయన అడిగేసరికి, ఖర్చులు పోను సినిమా నష్టాల్లో ఉందని స్టూడియో లెక్క తీసింది. పోస్టర్‌కో లెక్క, రచయితకో లెక్క. పన్నుల అధికారి తలుపు తడితే ఏది బయటికి తీయాలన్నది నిర్మాతలందరికీ ఉమ్మడి సమస్య.

దక్షిణ కొరియాలో ఈ తంటా తక్కువ. థియేటర్లలో తెగిన టికెట్ల వివరాలు అక్కడి ఫిల్మ్ కౌన్సిల్ కంప్యూటర్లకు చేరతాయి, రికార్డు కూడా ప్రేక్షకుల సంఖ్యలోనే చెబుతారు. 2014 నాటి ‘ది అడ్మిరల్’కు తెగిన టికెట్లు సుమారు 1.76 కోట్లు. ఫ్రాన్స్‌లోనూ హిట్టును కొలిచేది టికెట్లతోనే. మన నిర్మాతలకు ఒక మనవి. ఈసారి పోస్టర్ మీద కోట్లు వేయించేటప్పుడు, హీరో మీసం పక్కన కాస్త చోటు చూసి, టికెట్లు ఎన్ని తెగాయో కూడా వేయించండి.