సియాటిల్ ఆసుపత్రి బాధితుల విన్నపం

తోటి బాధితులారా! ఈ దేశంలో ధరల మీద మాట్లాడేవాళ్ళున్నారు, రోడ్ల మీద మాట్లాడేవాళ్ళున్నారు, కరెంటు కోతల మీద ధర్నాలు చేసేవాళ్ళున్నారు. కానీ అమెరికాలో సియాటిల్ అనే ఊళ్ళోని ఓ ఆసుపత్రి మన హాల్లోకి వచ్చి తిష్ఠ వేసి, సోఫాను ఆక్రమించి, భోజనాల వేళను రద్దు చేసి, ఇల్లాలి కన్నీళ్ళన్నీ తన ఖాతాలో జమ చేసుకుంటూ ఉంటే అడిగే నాథుడు లేడు. ఎమ్మెల్యేగారికి అర్జీ పెట్టుకుందామని వెళ్ళాను. వాళ్ళింట్లోనూ అదే నడుస్తోంది.

ఆ ధారావాహిక పేరు 'గ్రేస్ అనాటమీ'. షోండా రైమ్స్ సృష్టి. 2005 మార్చి 27న అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైంది. మొదటి సీజన్‌లో 9 ఎపిసోడ్లే. తొమ్మిదంటే సంసారపక్షం, ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు. అంతకుముందు 15 సీజన్లు, 331 ఎపిసోడ్లు నడిచి ఇక చాలని మర్యాదగా సెలవు తీసుకున్న 'ఈఆర్' అనే ఆసుపత్రి కథను 2019 ఫిబ్రవరి 28న దాటేశారు. 2022 మేలో 400వ ఎపిసోడ్ వేసుకున్నారు. ఎంత బలమైన ప్రభుత్వమైనా ఐదేళ్ళకోసారి ప్రజాతీర్పు కోరాలని మన రాజ్యాంగం ఘోషిస్తోంది. వీళ్ళు కోరారా? లేదు. మా అమ్మాయి ఓటీటీలో పెట్టింది, వాళ్ళమ్మ "ఒక్కటి చూసి లేస్తా" అంది. ఇంకా లేవలేదు.

నా మొదటి ఫిర్యాదు బంధుత్వాల గురించి. మా సొంత పినతాత మనవళ్ళ పేర్లే నాకు పెళ్ళిళ్ళలో గుర్తుకు రావు. చేతులు పట్టుకుని "బాగున్నావా నాయనా" అని గండం గట్టెక్కే మనిషిని. అలాంటివాడి నెత్తిన ఈ వంశవృక్షం పెట్టారు. కథానాయిక మెరెడిత్ గ్రే. తండ్రి రెండో కాపురం కూతురు లెక్సీ ఆమెకు సవతి చెల్లెలు. సరే, మన ఇళ్ళలోనూ ఉన్నదే. లెక్సీ పోయింది. ఆ తర్వాత మ్యాగీ అని ఇంకో అమ్మాయి దిగింది. ఈమెకు తల్లి మెరెడిత్ తల్లే; తండ్రి మాత్రం ఆసుపత్రి పెద్దాయన రిచర్డ్ వెబర్. మెరెడిత్ ఆడపడుచు అమీలియా కట్టుకున్నది ఓవెన్‌ని. ఆ ఓవెన్ అంతకుముందు మెరెడిత్ ప్రాణస్నేహితురాలు క్రిస్టీనాకి మొగుడు, అమీలియా తర్వాత టెడ్డీకి మొగుడు. ఇవన్నీ పంటి బిగువున భరించాను. కానీ రిచర్డ్ కూతురు మ్యాగీ, రిచర్డ్ భార్య కొడుకు జాక్సన్ ప్రేమించుకున్నప్పుడు ఇక ఆగలేక, వాళ్ళిద్దరికీ వరస ఏమవుతుందని మా శాస్త్రిగారిని అడిగాను. ఆయన కాసేపు వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచి, పంచాంగం మూసేసి మంచినీళ్ళడిగారు.

రెండోది, ఆ ఆసుపత్రిలో ప్రణయ కార్యకలాపాలు జరిగే స్థలాలు. మెరెడిత్ బార్లో పరిచయమైన మనిషితో రాత్రి గడిపి, తెల్లారి డ్యూటీలో చేరితే ఆయనే అక్కడ పెద్ద డాక్టరు, మెదడు సర్జన్ డెరెక్ షెపర్డ్. ఆయనకు పెళ్ళయిందన్న కబురు మొదటి సీజన్ చివర్లో, సాక్షాత్తూ భార్యామణి వచ్చి నిలబడితే గానీ తెలియదు. అక్కడి నుంచి లిఫ్టుల్లో, మెట్ల మీద, మందుల గదుల్లో, ముఖ్యంగా ఆన్-కాల్ గదుల్లో సాగే వ్యవహారాలు చూసి, అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. ఆన్-కాల్ గదిలో నిద్ర ఒక్కటే జరుగుతుంది మావయ్యా అన్నాడు. అదీ సగమేనట.

పెళ్ళి సంగతి మరీ ఘోరం. మన దగ్గర పెళ్ళంటే ముహూర్తం, మండపం, కేటరింగ్, వియ్యాలవారి అలకలు, ఫోటోగ్రాఫరు అలకలు, శుభలేఖలో పేరు పడలేదని బాబాయి అలక. అయిదో సీజన్‌లో డెరెక్, మెరెడిత్ ఏం చేశారయ్యా అంటే, ఆఫీసు ఫైళ్ళ మీద అంటించుకునే చిన్న జిగురు కాగితం ఒకటి తీసి, పారిపోకూడదనీ, ముసలితనంలో మతి తప్పినా ఒకరినొకరు చూసుకోవాలనీ నాలుగు ముక్కలు గీకి సంతకాలు పెట్టేశారు. మెరెడిత్ తల్లి మహా సర్జన్ అయ్యుండి అల్జీమర్స్‌తో కూతుర్నే గుర్తుపట్టలేని స్థితికి వెళ్ళిందని తెలిసినవాళ్ళకు ఆ మతి తప్పే షరతు దగ్గర గొంతు పట్టేస్తుంది. నాకూ పట్టింది. కానీ అదే సమయంలో మా అమ్మాయి ఆ కాగితం వైపు ఎంతో ఆదర్శంగా చూస్తూ ఉండటం గమనించాను. ఖర్చు లేని పెళ్ళి అని సంతోషించబోయాను గానీ, రిసెప్షన్ మాత్రం గ్రాండ్‌గా ఉండాలంది.

ఇక అసలు జాతీయ విపత్తుకు వద్దాం. ఆ ఆసుపత్రిలో ఎవరికైనా బుద్ధి రావాలన్నా, ఎవరైనా ఎవరికైనా మనసులో మాట చెప్పాలన్నా, ముందు ఏదో ఒకటి పేలాలి, కూలాలి, మునగాలి. రెండో సీజన్‌లో రోగి శరీరంలో పేలని గుండు. దాని మీద చెయ్యి వేసి నిలబడింది మెరెడిత్. మూడో సీజన్‌లో ఫెర్రీ ప్రమాదం; నీళ్ళలో పడింది మెరెడిత్. ఆరో సీజన్ చివర తుపాకీ పట్టుకుని ఆసుపత్రిలో తిరిగాడొకడు. ఎనిమిదో సీజన్ చివర, 2012 మేలో, డాక్టర్లున్న విమానం అడవిలో కూలింది. లెక్సీ పోతూ పోతూ ఉంటే గానీ తోటి డాక్టరు మార్క్ స్లోన్‌కి ప్రేమ సంగతి మళ్ళీ నోట రాలేదు. ఆపైన ఆయనా పోయాడు. మిగిలినవాళ్ళు నష్టపరిహారం డబ్బుతో ఆసుపత్రినే కొనేసి, పోయిన ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి గ్రే స్లోన్ మెమోరియల్ అని బోర్డు మార్చారు. మనిషి మారడానికి ఇంత ఖర్చు అవసరమా అని నేను నిలదీస్తున్నాను. నాకు మోకాలి నొప్పి ఒక్కటే వచ్చింది. ఎంతో మారాను, మెట్లున్న ఇళ్ళకు పేరంటానికి పిలిచినా వెళ్ళను.

చావుల దగ్గర నా అభ్యంతరం ఇంకా తీవ్రం. 2015 ఏప్రిల్ 23న ప్రసారమైన ఎపిసోడ్‌లో డెరెక్ షెపర్డ్ దారిలో ప్రమాదానికి గురైనవాళ్ళను ఒంటి చేత్తో కాపాడి, కారెక్కి, నడిరోడ్డు మీద ఫోను కోసం తడుముకుంటుండగా ట్రక్కు గుద్దింది. తీసుకెళ్ళింది వేరే ఆసుపత్రికి. నోట మాట రాదు, స్పృహ మాత్రం ఉంది. మెదడు విద్యలో ఆరితేరిన ఆ మహానుభావుడు బల్ల మీద పడుకుని, తన తలకు స్కాన్ తీయాలని లోలోపల మొత్తుకుంటూ ఉంటే, అక్కడి డాక్టర్లు పొట్ట చూశారు గానీ తలకు స్కాన్ తీయలేదు. పోయాడు. నేను గుండె మీద చెయ్యేసుకుని అడుగుతున్నాను, ఇది మన దగ్గర జరిగేదా? కాలి వేలు బెణికిందని వెళ్ళినా తలకు స్కాన్ రాసి, పక్కనే ల్యాబు కూడా చూపించే దేశం మనది. డెరెక్ మన ఊళ్ళో పడి ఉంటే ఈపాటికి మనవళ్ళను ఎత్తుకునేవాడు. బిల్లు సంగతి వేరే.

ఆ రాత్రి మా ఇంట్లో గుత్తి వంకాయ మాడిపోయింది. మా ఆవిడ ముక్కు చీదుకుంటూ వడ్డించింది, దుఃఖంలో ఉన్న మనిషిని ఉప్పెక్కడ అని అడగడం ధర్మం కాదని నేను నోరు మెదపలేదు. ఇదే మనిషి, నాకు జ్వరం వచ్చి మూలుగుతుంటే, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండా "డబ్బాలో డోలో ఉంది, వేసుకోండి" అంది. నేను సర్జన్‌ని కాను, నిజమే. నీలి కళ్ళు కూడా లేవు.

కొన్నాళ్ళకు అసలు రహస్యం నాకు అర్థమైంది. కుర్ర డాక్టరు జార్జ్ ఓమాలీ బస్సు కింద పడి పోయాడంటారు, లెక్సీ విమానం వల్ల పోయిందంటారు, డెరెక్‌ని ట్రక్కు పొట్టన పెట్టుకుందంటారు. ఇవన్నీ పైపై మాటలు. ఏళ్ళ తరబడి నడిచే ధారావాహికలో మనిషికి ముంచుకొచ్చే జబ్బు ఒక్కటే, కాంట్రాక్టు. నటుడు వెళ్ళిపోతే పాత్రను ఎటో ఒకవైపు పంపాలి: పైకైనా, పై ఊరికైనా. అందుకని తెర మీద ఎవరైనా మరీ సంతోషంగా కనిపిస్తే నాకు గుండె దడ మొదలవుతుంది. పిల్లలతో ఆడుకుంటున్నాడా, కొత్త ఇల్లు కట్టుకున్నాడా, భార్యను చూసి కారణం లేకుండా నవ్వాడా? మా అమ్మాయి నెమ్మదిగా టిష్యూ డబ్బా దగ్గరికి లాక్కుంటుంది.

ఇన్ని తిట్టినా ఒక్కచోట మాత్రం నా నోటికి తాళం పడింది, అదే నన్ను ఎక్కువ బాధిస్తోంది. రెండో సీజన్ మొదట్లో క్రిస్టీనా క్లినిక్‌లో ఫారం నింపాలి. అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలి అన్న గడి ఖాళీగా ఉంచితే వాళ్ళు ఒప్పుకోరు. ఎవరి సాయమూ అక్కర్లేదని విర్రవీగే ఆ పిల్ల అక్కడ మెరెడిత్ పేరు రాసింది. ఆ సంగతి కూడా బార్లో కూర్చుని, రేషన్ కార్డు వివరాలు చెప్పినట్టు చెప్పింది. మెరెడిత్ ఆమె భుజం మీద వాలితే, ఇది కౌగిలింత కిందికి వస్తుంది సుమా అని విసుక్కుంది. అంతే సీను. విమానం కూలలేదు, గుండు పేలలేదు. ఆ ఒక్క గడి మీద పదో సీజన్ దాకా స్నేహం నడిపారు. డెరెక్ వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. క్రిస్టీనాని పెళ్ళిపీటల దాకా తెచ్చి కాబోయే మొగుడు బర్క్ వదిలేసి పోయాడు. చివరికి ఒకరికి పిల్లలు, ఇంకొకరికి కత్తే లోకం అయ్యాక ఇద్దరూ మాటలు మానేశారు కూడా. పిల్లల వల్ల నీ పనితనం తగ్గిందని మొహం మీద అనేసిన స్నేహితురాలిని క్షమించడానికి మెరెడిత్‌కి ఎంత కాలం పట్టిందో, మన ఆఫీసుల్లో, మన అన్నదమ్ముల మధ్య అంతే పడుతుంది. 2014లో క్రిస్టీనా స్విట్జర్లాండ్ వెళ్ళిపోయింది. ప్రాణాలతో బయటపడింది, అదే పదివేలు.

ఇక్కడే ఉంది మోసమంతా. మన తెలుగు సీరియల్ ఏనాడూ ఇంత ద్రోహం చేయలేదు. మొదటి వారం పాలల్లో ఏదో కలిపిన అత్తగారు వెయ్యో ఎపిసోడ్‌లోనూ నమ్మకంగా అదే కలుపుతుంది. ఆర్నెల్లు చూడకపోయినా, తిరిగి వచ్చేసరికి కోడలు అదే మెట్టు మీద అదే పళ్ళెంతో నిలబడి ఉంటుంది. మనిషి పోయినా బెంగ లేదు, నెల తిరక్కుండా కొత్త మొహంతో వస్తాడు. సియాటిల్‌లో అలా కాదు. మొదట్లో చెంప పగలగొట్టాలనిపించిన అలెక్స్ కారెవ్ అనే మొరటోడు పసిపిల్లల సర్జన్ అయ్యాడు, క్రిస్టీనా వెళ్ళాక మెరెడిత్‌కి అండగా నిలిచాడు, మన ఇంటి పిల్లాడిలా తయారయ్యాడు. అప్పుడేం చేశారు? 2020 మార్చిలో, కట్టుకున్న భార్యకూ స్నేహితులకూ తలో ఉత్తరం రాయించి, పాత భార్య ఇజ్జీ దగ్గరికి, కాన్సాస్‌లో పొలానికి పంపేశారు. మనిషి కంటికి కనబడనే లేదు. మా బావమరిది అప్పు ఎగ్గొట్టినప్పుడు కూడా ఎదురుగా వచ్చి చెప్పాడు.

ఇక మిరాండా బెయిలీ, రిచర్డ్ వెబర్. మొదటి ఎపిసోడ్ నుంచి ఉన్నది ఈ ఇద్దరే. మెరెడిత్ కూడా 2022 నుంచి చుట్టపుచూపుగా వస్తోంది. బెయిలీ మొదటిరోజే హౌస్ సర్జన్ల గుంపుకి ఐదు నియమాలు చదివి వినిపించి హడలగొట్టిన పొట్టి మనిషి. ఆ హడలిపోయినవాళ్ళలో మరీ అమాయకుడు జార్జ్. కింద ఆపరేషన్ థియేటర్లో బాంబు గొడవ, పక్క థియేటర్లో మెదడు ఆపరేషన్ బల్ల మీద ఆమె మొగుడు, ఇక్కడ ఆమెకు నొప్పులు. నేను కననంటే కననని మొండికేసిన మనిషి పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది ఆ జార్జే. పుట్టిన కొడుకు పేరులో జార్జ్ అని కలుపుకుంది. పొగడ్త లేదు, ఉపన్యాసం లేదు. ఆ తర్వాత ఆమె ఆసుపత్రికే చీఫ్ అయింది, గుండెపోటు వచ్చి వేరే ఆసుపత్రికి వెళితే ఒత్తిడి వల్ల అని కొట్టిపారేసిన డాక్టర్లతో పోట్లాడి బతికింది, అయినా ఇప్పటికీ వరండాలో ఆమె అడుగుల చప్పుడు వింటే నేను సోఫాలో సర్దుకుని కూర్చుంటాను. మా హెడ్‌మాస్టరుగారికి కూడా అంత మర్యాద ఇవ్వలేదు.

కాబట్టి బాధిత గృహస్థుల పక్షాన ఈ కింది కోర్కెలు సవినయంగా, కానీ తీవ్ర స్వరంతో సమర్పిస్తున్నాను. విమానం, బస్సు, ట్రక్కు, ఫెర్రీ వగైరా వాహనాలను ఆసుపత్రి సిబ్బందికి తక్షణం నిషేధించాలి. కొత్త చెల్లెళ్ళు రావడం ఇంతటితో ఆపాలి. ఎవరినైనా పంపదలచుకుంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, మేము ఆ రోజుకి హోటల్ నుంచి భోజనం తెప్పించుకుంటాం. ఉత్తరాల ద్వారా వీడ్కోలు చెల్లదు. బెయిలీ, వెబర్‌ల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరాదు. ఆవిడ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి మా ఇంట్లో అనకండి.