పండుగాడి తెల్ల మూతి

చిత్రకారుల బల్ల మీద పెన్సిళ్లకున్న పరువు నాకు లేదు. వాటికి హెచ్‌లనీ బీలనీ గోత్రాలున్నాయి, నంబర్లున్నాయి. నేను ఉత్త ముద్ద రబ్బరుని. దుకాణంలో ‘నీడెడ్ ఎరేజర్’ అంటే ఇస్తారు. రేపరు విప్పేదాకా చదరంగా, బుద్ధిగా ఉంటాను. పూరీపిండిలా ఓసారి పిసికాక ఇక నాకంటూ ఆకారం ఉండదు. మొన కావాలంటే మొన, అంచు కావాలంటే అంచు. బడిపిల్లల రబ్బరులా కాగితాన్ని రుద్ది పొట్టు రాల్చను. అద్దుతాను. అద్దిన చోట గ్రాఫైట్ లేచొచ్చి నా ఒంట్లో కలిసిపోతుంది.

మా వంశం మరీ నిన్నమొన్నటిది కాదు. 1770లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త, పెన్సిలు గీతలు చెరపడానికి రబ్బరు భేషుగ్గా పనికొస్తోందని రాశాడు. నెయిర్న్ అనే పరికరాల వర్తకుడు అప్పటికే చిన్న ముక్కను మూడు షిల్లింగులకు అమ్ముతున్నాడు. అంతకు ముందు ఈ పని రొట్టె మెత్తనతో కానిచ్చేవారు. ఆకలేస్తే దాన్ని తినేయొచ్చు, మమ్మల్ని తినలేరు. అదీ మేం సాధించిన ప్రగతి.

నా యజమానురాలు మసాబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన అమ్మాయి. చిక్కడపల్లిలో ఇంట్లోనే ఓ గదిలో కూర్చుని పెంపుడు జంతువుల బొమ్మలు వేస్తుంది. సగం డబ్బు ముందు, సగం బొమ్మ పూర్తయ్యాక. ఆమె దగ్గరికి కుక్కలూ పిల్లులూ ఫోన్లోనే వస్తాయి. వాటిలో చాలా వరకు అప్పటికే పోయినవి.

పండుగాడు అలా వచ్చినవాడే. రాజమండ్రిలో ఓ రిటైర్డ్ మాస్టారి వీధి అరుగు మీద కూనగా చేరి, ఆ ఇంట్లోనే ముసలివాడైపోయిన వీధికుక్క. ఆర్డరిచ్చింది డాలస్‌లో ఉన్న మాస్టారి అబ్బాయి. అతను పంపిన ఫొటో రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసింది. కుక్క కంట్లో వెనకాల వెలుగును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. చీకట్లో వాటికి చూపు ఆనేది దాని పుణ్యమే. ఫ్లాష్ పడేసరికి పండుగాడి కళ్లు రెండూ పచ్చగా వెలిగిపోయాయి, లోపల కుక్క లేదు.

“పగటివెలుగులో తీసినవి కావాలండి. నిలబడి కాదు, కింద కూర్చుని వాడి కళ్ల ఎత్తులో తీసినవి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వెంట్రుకలన్నీ అలికేస్తుంది, డాక్యుమెంట్‌గా పెట్టండి” అంది మా అమ్మాయి. అతను వాళ్లమ్మని అడిగి నాలుగైదు తెప్పించాడు. వాటితో పాటే కోరికలూ వచ్చాయి. గొలుసు తీసేయాలి. చిరిగిన ఎడమ చెవి అతికించాలి. మూతి మీద నెరిసిన జుట్టు పోవాలి. నాన్న చూస్తే పండుగాడు మళ్లీ పడుచువాడిలా కనబడాలి.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. పెన్సిలు బొమ్మలో తెలుపు గీయరు. అది కాగితమే, ముట్టుకోకుండా వదిలిన కాగితం. కాబట్టి నెరుపు తీయడానికి నేను అక్కర్లేదు, పెన్సిలు కావాలి. పడుచుదనం అంటే గీతలు కలపడం. ముసలితనం కావాలంటేనే నన్ను పిలవాలి. లోకమంతా దీన్ని తిరగేసి అనుకుంటుంది!

అమ్మాయి గళ్లు గీసి కొలతలు సరిచూసుకుంది. మొదట కళ్లు వేసింది. కళ్లు కుదరకపోతే మిగతా కుక్కను వేసి దండగ. మీసాలు రావలసిన చోట మొండి సూదితో కాగితాన్ని సన్నగా నొక్కింది. మీద పెన్సిలు ఎంత పులిమినా ఆ గాడిలోకి దిగదు, మీసం తెల్లగా నిలిచిపోతుంది. ఆ తరవాత వెంట్రుకలు. ముక్కు మీంచి నుదుటికి ఎక్కేవి ఒక వైపు, బుగ్గల మీద వెనక్కి పోయేవి మరో వైపు, గొంతు దగ్గర సుడి. ఆ వాలు తప్పితే ఎంత నునుపుగా వేసినా బొచ్చు అతికించిన బొమ్మ అవుతుంది. నన్ను సూదిమొనలా నలిపి నల్లగుడ్డు మీద ఒక్క చుక్క తీసింది. కిటికీ వెలుగు అక్కడ పడింది. వాడు చూడ్డం మొదలెట్టాడు. ఆ చుక్క నాదే! పెన్సిళ్లు ఏమన్నా అనుకోనీండి.

చెవి అతికింది. మూతి నల్లబడింది. సగం అయిన బొమ్మను అబ్బాయి వాళ్లమ్మకి పంపాడు. ఆవిడ నేరుగా మా అమ్మాయికే ఫోన్ చేసింది.

“ఏమ్మా, బొమ్మ బాగుందమ్మా. కానీ ఇదెవరి కుక్క?”

అమ్మాయికి నోట మాట రాలేదు.

“మా వాడు ఆ చెవిని పక్కింటి సందులో గొడవపడి చింపుకున్నాడమ్మా. ఆ చెవి చూసే కదా చీకట్లో మా వాడో కాదో పోల్చుకునేదాన్ని. ఆ మూతి కూడా... ఆయన రిటైరయ్యాక ఇద్దరూ కలిసే నెరిశారు.” కాసేపు ఆగి, గొంతు తగ్గించి, “కుక్కకి పటం ఏంటని ఇక్కడ నవ్వుతున్నార్లే” అంది.

“నవ్వనీయండి ఆంటీ” అని మా అమ్మాయి ఆతకూరు శాసనం సంగతి చెప్పింది. పదో శతాబ్దం, రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలం. గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుణ్ని ఏం కావాలో కోరుకోమంటే, అతను కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కాళి అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చిపోయాయి. మణలేరుడు దానికి రాయి నిలబెట్టించాడు, పందితో కాళి తలపడే బొమ్మ చెక్కించి మరీ. మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. “వెయ్యేళ్ల కిందటే కుక్కకి బొమ్మ వేయించారండి!” అంటే ఆవిడ, “అయితే మాదేం వింత కాదన్నమాట” అని స్థిమితపడింది.

ఆ రాత్రి అమ్మాయి నన్ను చేతిలోకి తీసుకుంది. అతికించిన చెవిలో చిన్న చీలిక తెరిచాను. మూతి మీద ఒక్కో పొరా తీశాను, రుద్దకుండా, అద్దుతూ, మురికిపట్టిన ముఖాన్ని లోపలికి మడుచుకుని మళ్లీ అద్దుతూ. కాగితం మొదటి తెలుపుకి రాలేదు. ఒకసారి పెన్సిలు పడ్డాక పూర్తిగా రాదు. పళ్ల పైన, ముక్కు పక్కల లేత బూడిద రంగు మిగిలిపోయింది. అయినా ముసలికుక్క మూతి మాత్రం మల్లెపువ్వులా ఉంటుందా ఏమిటి? అమ్మాయి దూరం జరిగి చూసి, ఇక చాలు అనుకుంది. గీతలు చెదరకుండా ఫిక్సేటివ్ కొట్టేసింది. అది ఆరాక ఇక ఆ కాగితం మీద నా పెత్తనం సాగదు.

అబ్బాయి ముందు కాస్త గునిశాడు. వాళ్లమ్మ ఏమందో ఏమో, మిగతా డబ్బు మర్నాడే వేసేశాడు. గొలుసు విషయంలో మాత్రం అతని మాటే నెగ్గింది. ఎందుకంటే కట్టేస్తే పండుగాడు ఒక్క పూట ఊరుకున్న పాపాన పోలేదట.

బొమ్మకు చుట్టూ మౌంటు పెట్టించి, అద్దం కాగితానికి తగలకుండా ఫ్రేము కట్టించి రాజమండ్రికి పంపారు. మొన్న ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. పటం హాల్లో పెట్టారట. దండ వేద్దామని ఆవిడ, వేస్తే పోయినవాళ్ల లెక్కలో కలిపేసినట్టని మాస్టారు. అయినా వాడు దండ ఉంచుకునే రకమా, పీకి పడేసేవాడు కదా అని ఆయన వాదన. “నువ్వే చెప్పమ్మా, వెయ్యాలా వద్దా?” అని ఆవిడ అడిగితే మా అమ్మాయి, “అంకుల్‌కి ఇవ్వండి ఆంటీ, నేను మాట్లాడతాను” అంది.