మందుకొట్టే మిషను మొరాయిస్తే వినకూడని ఎనిమిది సలహాలు

సార్వా వరికి సుడిదోమ పట్టాక మందు కొట్టడానికి వాన తెరిపిచ్చేది ఒక పూటో, రెండు పూటలో. సరిగ్గా ఆ పూటే తైవాన్ స్ప్రేయరు తాడు ఎంత లాగినా పలకదు. గట్టు మీద ఉన్నవాళ్ళంతా తలో సలహా ఇస్తారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఏ వైపు వెళ్ళినా ఈ సలహాలు ఒకేలా ఉంటాయి. వాటిలో చాలా వాటివల్ల చిన్న లోపం పెద్ద రిపేరవుతుంది. అందుకే ఏవి వినకూడదో, ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను.

వీపున మోసే స్ప్రేయరు, కొబ్బరితోటలో గడ్డి కోసే బ్రష్ కట్టరు, దుంగలు కోసే రంపం. వీటిలో ఎక్కువ వాటికి ఉండేది చిన్న టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజనే.    అందుకే ఈ మాటలు వాటన్నిటికీ వర్తిస్తాయి.

1. "ఆయిలు అందాజుగా పొయ్యండి, కాస్త ఎక్కువైనా మంచిదే"

టూ స్ట్రోక్ ఇంజనులో విడిగా ఆయిలు ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే బేరింగులనూ పిస్టన్‌నూ కాపాడుతుంది. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, పొగ బయటికి పోయే దారిలో మసి గట్టిపడి ఇంజన్ బలం తగ్గుతుంది. మీ మిషను పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవండి. మిషను ట్యాంకులో కాకుండా విడి డబ్బాలో కలిపి, బాగా కుదిపి, అప్పుడు పొయ్యండి. డబ్బా మీద టూ టీ అని రాసి ఉన్న ఆయిలే వాడండి, మోటారు సైకిలు ఇంజనాయిలు కాదు. ఫోర్ స్ట్రోక్ మిషనైతే పద్ధతే వేరు. హోండా జీఎక్స్ 35 లాంటి వాటిలో ఆయిలు ఇంజన్ అడుగున విడిగా ఉంటుంది, పెట్రోల్లో కలపకూడదు.

2. "దాళ్వాలో మిగిలిన పెట్రోలుందిగా, అదే పొయ్యండి"

2025 నాటికి మన బంకుల్లో పెట్రోలంటే 20 శాతం ఇథనాల్ కలిపినదే. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. మూడు వైపులా గోదావరి పాయలూ సముద్రమూ ఉన్న కోనసీమ గాలిలో తేమకు కొదవ లేదు. సగం ఖాళీ డబ్బాలో నెలల తరబడి ఉన్న పెట్రోల్లో నీళ్ళు మోతాదు మించితే, ఇథనాలూ నీళ్ళూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఆ అడుగు పొరలో ఆయిలు ఉండదు. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర ఫిల్టరు ఉండేదీ అడుగునే. ఇంజన్ మొదట తాగేది ఆ నీళ్ళనే.

అనుమానముంటే పాత పెట్రోలును గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనబడితే ఆ పెట్రోలు ఇంజనుకు పనికిరాదు. కలిపిన పెట్రోలును నెలలోపే వాడెయ్యండి. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో మిగిలింది అయిపోయి ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపి, అప్పుడు అటక మీద పెట్టండి.

3. "ప్లగ్గు మార్చెయ్యండి, ఎప్పుడూ అదే పోతుంది"

మార్చే ముందు ప్లగ్గు విప్పి చూడండి. ఏం జరిగిందో అదే చెబుతుంది. కొన తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు ఎక్కువైంది, లేదా నిప్పు రావడం లేదు. ఎన్నిసార్లు లాగినా పొడిగానే ఉంటే పెట్రోలు అందడం లేదు. ఇటిక రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతోంది, అలా నడపొద్దు.

నిప్పు చూడాలంటే ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒంటిని సిలిండరు రెక్కలకు ఆనించి తాడు లాగండి. ప్లగ్గు రంధ్రానికి దగ్గరగా మాత్రం పెట్టొద్దు. అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. నిప్పు రాకపోతే ముందు స్విచ్చి ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత క్యాపు, వైరు, ప్లగ్గు. ప్లగ్గు కొనల మధ్య సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు.

4. "చోకు వేసి స్టార్టయ్యేదాకా లాగుతూనే ఉండండి"

చల్లగా ఉన్న ఇంజనుకు చోకు కావాలి. కానీ లాగుతుండగా ఒక్కసారి "టప్" మని పలికితే వెంటనే చోకు తెరవాలి. తెరవకుండా లాగితే పెట్రోలు నిండిపోతుంది. అప్పుడు ప్లగ్గు విప్పండి, చోకు తెరవండి, యాక్సిలేటరు పూర్తిగా ఇచ్చి, నాలుగైదుసార్లు తాడు లాగి లోపలి పెట్రోలు బయటికి పోనివ్వండి. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. వేడిగా ఉన్న ఇంజనుకు చోకు అసలు అక్కర్లేదు.

5. "కార్బురేటరు స్క్రూ కాస్త బిగిస్తే స్పీడొస్తుంది"

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. హెచ్ అని ఉన్న స్క్రూ బిగిస్తే పెట్రోలు తగ్గి మోత పెరుగుతుంది, బలం వచ్చినట్టే అనిపిస్తుంది. కానీ పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గింది. కాసేపటికి పిస్టన్ మీద నిలువు గీతలు పడతాయి, ఆ తర్వాత ఇంజన్ బిగుసుకుపోతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన మిషనులో స్క్రూలు వాటంతటవి తిరగవు. అక్కడ లోపం మురికి, గాలి లీకు, లేదా గట్టిపడిన డయాఫ్రం (కార్బురేటరు లోపలి పలుచటి పొర). స్క్రూ ముట్టుకోక తప్పకపోతే, ముందు మెల్లగా బిగించుకుంటూ ఎన్ని చుట్లు వెళ్ళిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అప్పుడు మళ్ళీ అక్కడికే తేవచ్చు.

6. "సూదితో పొడిచి, పంచరు షాపులో గాలి కొట్టించండి"

సూది కార్బురేటర్లోని జెట్ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. కంప్రెసరు గాలి డయాఫ్రాన్ని చింపుతుంది. కార్బురేటరు మూత తీసి చూడండి. బాగున్న డయాఫ్రం వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగొస్తుంది. పాడైంది అప్పడంలా పెళుసుగా ఉంటుంది. అలాంటి దానికి కిట్టు మార్చడమొక్కటే దారి. గాస్కెట్టు ముందో డయాఫ్రం ముందో మరిచిపోకుండా, విప్పుతున్నప్పుడే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి.

7. "ఎయిర్ ఫిల్టరు పీకెయ్యండి, గాలి బాగా ఆడుతుంది"

గాలితో పాటు దుమ్మూ పోతుంది. అది పిస్టన్‌నూ రింగులనూ అరగదీస్తుంది. స్పాంజి ఫిల్టరైతే సబ్బునీళ్ళలో పిసికి, నీడలో ఆరబెట్టి, పుస్తకంలో చెప్పి ఉంటే రెండు చుక్కల ఆయిలు అద్ది పెట్టండి.

8. "బిల్లెందుకండీ, మనోళ్ళ షాపేగా"

మిషనో విడి సామానో కొన్నప్పుడు బిల్లు తీసుకోకపోతే వారంటీ అడగడం కష్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. సొంత కష్టంతో బతకడానికే కొన్న మిషనుకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే రెండేళ్ళలోపు కేసు వేయవచ్చు, 5 లక్షల వరకూ ఫీజు లేదు.

రిపేరు షాపుకెళ్ళి "మిషను పోయిందండీ" అంటే మెకానిక్కు అన్నీ విప్పాల్సి వస్తుంది. "ఎంతసేపు నడిచి ఆగిందండీ? ఆగేముందు మోత పెరిగిందా, తగ్గిందా?" అని మంచి మెకానిక్కు అడుగుతాడు. "చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతోందండీ, పావుగంటకి వేడెక్కి ఆగిపోతోంది, ప్లగ్గు తడిగానే ఉంది" అని చెప్పగలిగితే సగం పని అక్కడే అయిపోయినట్టు. మెకానిక్కు సోదరులకూ ఒక మాట. మార్చిన పాత సామాను రైతు చేతికివ్వండి, ఏం చేశారో చీటీ మీద రాసివ్వండి. మళ్ళీ అదే తంటా వస్తే మీకే పనికొస్తుంది.

కొలత చెప్పని సలహా, పరీక్ష చేయమనని సలహా ఎవరు చెప్పినా వినకండి. ఒకసారి ఒకటే మార్చండి, మార్చి చూడండి. రిపేరుకు తీసుకెళ్ళే ముందు మందు ట్యాంకును మూడుసార్లు నీళ్ళతో కడగండి. ఆ నీళ్ళు కాలవలో కాదు, మందు కొట్టిన చేలోనే పొయ్యండి. మీ మిషను విప్పే మెకానిక్కు సాయంత్రం ఇంటికెళ్ళి అదే చేత్తో అన్నం తినాలి.