రెట్టింపు కూలి

సభ తేదీ ఆగస్టులో ఒక బుధవారం పడింది. సమయం ఉదయం 11 గంటలు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, గని రాబోయే బీడులో షామియానా వేస్తామన్నారు. వందల ఎకరాల భూమి సున్నపురాయి గనిగా మారాలా వద్దా అన్నది ఊరివాళ్లు అక్కడికొచ్చి చెప్పాలి.

కృష్ణా తీరంలో సిమెంటు ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఊరది. గని వస్తే ఏమవుతుందో అక్కడ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పేలుళ్లకు గోడలు పగులుతాయి, పత్తి మీద దుమ్ము పేరుకుంటుంది, బోర్లలో నీళ్లు అడుగంటుతాయి. నాట్ల ముఠాను నడిపే మేస్త్రమ్మకు గని హద్దు పక్కనే ఎకరం చెలక ఉంది. ముఠాలోని ఇరవై మంది ఆడవాళ్లలో సగం మందికి అటువైపే అరెకరమో, ఎకరమో ఉంది. అందరం పోదాం, తలా ఒక మాట చెబుదాం అనుకున్నారు. డిగ్రీ చదువుతున్న మేస్త్రమ్మ కూతురు వాళ్ల మాటలన్నీ కాగితం మీద రాసి, అందరిచేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించింది.

ఇబ్బందల్లా తేదీతోనే. ఆగస్టులో నాట్లు. పొద్దున ఏడింటికి మడిలో దిగితే సాయంత్రానికి గానీ ఒడ్డెక్కరు. మేస్త్రమ్మ మండల ఆఫీసుకు పోయి అడిగింది.

"సారూ, గా సభ పొద్దుగూకినంక మా ఊళ్లనే పెట్టున్రి. లేకుంటే నాట్లు అయినంకనన్న పెట్టున్రి."

"తేదీ జిల్లాలో ఖరారైందమ్మా. మా చేతుల్లో లేదు" అన్నాడు గుమస్తా.

అతను చెప్పింది నిజమే. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం 2006లో తెచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ పత్రికలోనూ ప్రకటన వేయాలి. వేశారు. ఒకసారి ప్రకటించాక ఏదైనా అత్యవసర పరిస్థితి వస్తే తప్ప తేదీ, వేళ, చోటు మార్చకూడదు. నాట్లు అత్యవసరం కిందికి రావు. పైగా సభ మొదలుకావడానికి ఇంతమంది ఉండాలన్న కోరం లేదు. ఊరంతా పొలంలో ఉన్నా సభ జరిగినట్టే లెక్క.

జనం ఉన్నచోటికే వెళ్లి వినడం ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద గ్రామసభల మాట వినాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు వానల్లోనే 12 కొండ పల్లెల్లో సభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి ఆ పల్లెలకు వెళ్లి కూర్చున్నారు. 12 పల్లెలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అందుకే సభ తేదీని గ్రామపంచాయతీ ఖరారు చేయాలి, వేళ కూలికి పోయి వచ్చేవాళ్లకు కుదరాలి, చోటు ఊరి నడుమ ఉండాలి. భూమి మీద జరిగే ఏ విచారణకైనా ఈ మూడూ చట్టంలోనే ఉండాలి.

మంగళవారం రాత్రి ఊరి పెద్ద రైతు స్వయంగా మేస్త్రమ్మ ఇంటికి వచ్చాడు.

"నారు ముదిరిపోతుందక్కా. రేపు ఐదెకరాలూ పడాలె. కూలి రెట్టింపు ఇస్తా, అందరినీ తోలుకరా."

"రేపు సభ ఉన్నది గద పటేలా?"

"నేను పోతున్న గదా. మీ కాయితం ఇటియ్యి. మీ మాట గూడ నేనే చెప్త."

ఎప్పుడూ కూలి ఎగ్గొట్టిన మనిషి కాదు. ఆయనకూ అక్కడ భూమి ఉంది. మేస్త్రమ్మ కాగితం ఇచ్చింది. బుధవారం ఇరవై మందీ నడుం వంచి ఐదెకరాలూ నాటేశారు. చెప్పినట్టే సాయంత్రానికి రెట్టింపు కూలి చేతిలో పెట్టాడు.

రెండు వారాల తర్వాత కూతురు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన సభా వివరాలు చదువుకొచ్చి తల్లికి చెప్పింది. లిఖితపూర్వక అభ్యంతరాలు: లేవు. గ్రామ రైతుల పక్షాన ఒక పెద్ద రైతు గనిని స్వాగతించారు.

మేస్త్రమ్మకు నోట మాట రాలేదు. పటేల్‌ను నిలదీయాలని ఇంటికి పోతే లేడన్నారు. పొలం దగ్గర ఉంటాడేమోనని అటు నడిచింది. మడి నెర్రెలు విచ్చి ఉంది. తమ చేతులతో పెట్టిన నాటు పచ్చదనం పోయి గడ్డిలా వాలిపోయింది. బోరు దగ్గర జీతగాడు ఒక్కడే మోటారు విప్పుతున్నాడు.

"నీళ్లెందుకు పెడ్తలేవు తమ్మీ? నాటంతా ఎండిపాయె."

"పెట్టొద్దన్నడక్కా. నాటేసిన తెల్లారి నుంచే బందువెట్టించిండు."

"గట్లయితె పంటెట్ల?"

"పంటెక్కడిదక్కా? ఈ పొలం ఉగాదికే కంపెనీకి అమ్మిండు. బయానా కాయితం మీద సాక్షి సంతకం నాదే."

ఆ సభ పొద్దుగూకాక ఊళ్లోనే పెట్టి ఉంటే, ఆ ఐదెకరాల్లో ఆయన నాటు వేయించేవాడే కాదు.