గాలం నాది: టీకా తాత్పర్య సహితము

మూలము:

"బావా, శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరదాం. ఎకో లేక్ నుంచి అలోహా. తొందరేం లేదు. మంచు కరిగిందట. పప్పు నువ్వు తే, గాలం నాది. డబ్బా మరవకు. చేపలు పడితే పడ్డాయి."

అవతారిక: కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వాస్తవ్యుడైన ఒకానొక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మే నెలాఖరున, మీటింగు జరుగుతుండగా ఫోను బల్ల కింద పెట్టుకుని స్నేహితుడికి పంపిన వాట్సాప్ సందేశమిది. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన రాసింది కాళిదాసు కావ్యాలకు కాబట్టి ఆ నియమం చెల్లింది. రెండు పంక్తుల మెసేజీకి టీక రాసేవాడు దాన్ని పాటిస్తే పేజీ నిండదు.

"బావా": సంబోధన. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో మొదలైన వరస. పిల్లలు పుట్టాక కూడా నిలిచింది గనుక ప్రామాణికమే.

"శుక్రవారం మధ్యాహ్నం": ఇక్కడ కవి నిరంకుశుడు. శుక్రవారం మధ్యాహ్నం హైవే 50 పట్టుకున్నవాడు శాక్రమెంటో దగ్గర ఒకసారి, ప్లేసర్‌విల్‌లో హైవే మీదే పెట్టిన సిగ్నళ్ల దగ్గర మరోసారి మోక్షం కోసం ఎదురుచూడవలసిందే. కనుక ఈ "మధ్యాహ్నా"న్ని "పదకొండింటికి ముందు" అని అన్వయించుకోవాలి.

"ఎకో లేక్ నుంచి అలోహా": టాహో సరస్సుకు నైరుతిగా ఉన్న డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లోని దారి ఇది. ఒకవైపు నడక సుమారు పది కిలోమీటర్లు. అలోహా ఎత్తు 8,100 అడుగుల పైచిలుకు. పూర్వం విడివిడి మడుగులుగా ఉన్నవాటిని చిన్న ఆనకట్టతో కలిపితే ఏర్పడ్డ సరస్సు గనుక నీళ్ల మధ్య ఎటు చూసినా తెల్లని గ్రానైట్ బండలే లేచి ఉంటాయి. వేసవిలో ఎకో లేక్ మీద పడవ దొరికితే నాలుగు కిలోమీటర్ల నడక తప్పుతుంది. వసంతంలో పడవను నమ్ముకోకూడదు.

"తొందరేం లేదు": సందేశానికంతటికీ ఇదే ప్రాణం. పూర్వవ్యాఖ్యాతలు (అనగా గ్రూపులోని మిగతా మిత్రులు) దీన్ని "ఆలస్యంగా లేవవచ్చు" అని అర్థం చేసుకుని ఏటా చెడుతున్నారు.

శంక: వసంతంలో కొండెక్కేవాడికి తొందర లేకపోవడం ఎలా పొసగుతుంది? రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దుటిపూట రోడ్డులా మనిషిని మోస్తుంది. ఎండెక్కితే చూపుకు అలాగే ఉంటుంది గాని అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. వీపున సంచీ ఉన్నవాడు ఈ కాలు పైకి లాక్కునేసరికి ఆ కాలు లోపలికి పోతుంది. బండరాళ్ల పక్కన మరీ మోసం. రాయి ఎండకు కాగి చుట్టూ ఉన్న మంచును అడుగునుంచి కరిగిస్తుంది, పైన పెచ్చు మాత్రం మిగులుతుంది. ఆ పెచ్చు మీద కాలు వేసినవాడికి మోకాలి చిప్ప అనేది ఒకటుందని తెలిసొస్తుంది. వాగులదీ ఇదే స్వభావం. పగలు కరిగిన మంచంతా దిగి వచ్చేసరికి పొద్దున రాళ్ల మీదుగా దాటిన వాగు సాయంత్రానికి ఆ రాళ్లను కనపడనివ్వదు.

సమాధానం: అందుకే తెల్లవారకముందే లేచి, మంచు గట్టిగా ఉండగానే నడక ముగించి, పదింటికల్లా బండ మీద చేరగిలపడాలి. ఆ తరవాత రోజంతా తొందర ఉండదు. అంటే ఇక్కడ తీరిక పొద్దెక్కాక మొదలయ్యేది, దాని ఖరీదు మాత్రం చీకట్లోనే చెల్లించాలి. ఈ సూక్ష్మం కవికి తెలుసు. చెబితే బావ రాడని చెప్పలేదు.

"మంచు కరిగిందట": ఈ "ట" దగ్గర ఆగాలి. కవి చూడలేదు, విన్నాడు. శబ్దప్రమాణం చెల్లుతుందా అంటే, ఎవరి శబ్దమన్నది చూడాలి. ఎకో లేక్‌కు కొద్ది దూరంలో, ఇదే హైవే 50 పక్కన ఫిలిప్స్ స్టేషన్ అనే మైదానం ఉంది. రాష్ట్ర జలవనరుల శాఖవారు చలికాలమంతా అక్కడికి వెళ్లి, మంచులోకి బోలు గొట్టం దించి, లోతు కొలిచి, గొట్టంలో వచ్చిన మంచును తూచి అందులో నీరెంతో లెక్క కడతారు. ఏప్రిల్ మొదట్లో తీసే కొలతకు గౌరవం ఎక్కువ. 2015లో అదే రోజుల్లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ అక్కడ నిలబడితే కాళ్ల కింద ఎండుగడ్డి తప్ప మంచు లేదు. 2023లో అదే చోట లోతు 126.5 అంగుళాలు. నిలువెత్తు మనిషి మీద మరో మనిషి నిలబడితే తప్ప పైకి కనపడడన్నమాట. ఇంత తేడా ఉన్నచోట నిరుటి అనుభవం ఈ ఏటికి ప్రమాణం కాదు. "కరిగిందట" అన్నవాణ్ణి ఎవరన్నారని అడగడం బావ విధి. కొలీగు అన్నాడంటే మంచుబూట్లు కట్టుకోవాలి.

ఇంతకీ మంచు పూర్తిగా కరగకముందే పోవాలన్న ఆత్రం దేనికి? రెండు కారణాలు. ఒకటి, దోమలు. మంచు పోయిన కొద్ది వారాలకే అవి వస్తాయి, సరస్సులను మనకు వదలవు. రెండోది చేపలకు సంబంధించినది. చలికాలమంతా సరస్సు మూతపడి ఉంటుంది. పైన మంచుపలక, అడుగున నాలుగు డిగ్రీల నీళ్లు. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది ఆ నాలుగు డిగ్రీల దగ్గరే. పలక కరిగి పైనీరు కూడా ఆ వేడికి వచ్చేసరికి పైదీ కిందదీ ఒకే బరువవుతాయి. గాలి వీస్తే సరస్సంతా కలగలిసి, ప్రాణవాయువు అడుగుదాకా దిగుతుంది. గట్టు వారన లోతు తక్కువ గనుక ఎండకు ముందు వేడెక్కేదీ, ముందు పురుగు పుట్టేదీ అక్కడే. నెలల తరబడి అర్ధాకలితో ఉన్న ట్రౌట్ ఒడ్డుకు రెండు బారల దూరానికి వస్తుంది. విరిగిన మంచుపలక అంచుకూ గట్టుకూ మధ్య నల్లగా ఓ నీటి చాలు ఉంటుంది. చిన్న స్పిన్నర్‌ను (గిరగిర తిరిగే రేకు ఎరను) పలక మీదికే విసిరి, నెమ్మదిగా లాగి అంచు మీదనుంచి ఆ చాలులోకి జారవిడవాలి. నీళ్లలో పడీపడగానే దారం బిగుస్తుంది. గోదావరి గట్టున ఎర్ర గుచ్చి, బెండు మునిగేదాకా బీడీ కాల్చుకునే చేపలవేట వేరు, ఇది వేరు.

"పప్పు నువ్వు తే": ఏ పప్పు? మూలం మౌనం. కందిపప్పు అని ఒక వర్గం. అది అసాధువు. ఎనిమిది వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా నీరుండగా వేడి అంతకు మించదు. కుక్కరు లేకుండా కందిపప్పు వేసినవాడు గ్యాసు డబ్బా అయిపోయేదాకా బుడగలు చూస్తూ కూర్చోవాలి. కట్టెలు పోగేద్దామంటే ఆ అడవిలో నెగడు నిషిద్ధం. పెసరపప్పు ఇంటి దగ్గరే వేయించి, పొడి మూటలో ఉప్పూ కారం కలిపి పట్టుకెళ్లాలని సిద్ధాంతం. పులిహోర ఉండగా పప్పెందుకన్నది న్యాయమైన ప్రశ్నే గాని, మూలకర్త పుట్టిన ఊళ్లో పప్పు లేనిది భోజనం కాదు.

"గాలం నాది": ఏకవచనం గమనించాలి. కాలిఫోర్నియాలో పదహారేళ్లు నిండిన ఎవరైనా లైసెన్సు లేకుండా గాలం వేయకూడదు. అదనపు రుసుము కడితే తప్ప మనిషికి ఒక్క గాలమే. కవి తన ఒక్కడికే లైసెన్సు తీసుకున్నాడు. చేపలు పట్టేది తాను, పప్పు మోసేదీ వండేదీ గిన్నెలు తోమేదీ బావ అని ధ్వని.

"డబ్బా మరవకు": ఊరగాయ డబ్బా అని బావగారి భార్య చెప్పిన అర్థం. రమ్యంగా ఉంది గాని అసంపూర్ణం. ఇది ఎలుగుబంటి విప్పలేని గట్టి ప్లాస్టిక్ పీపా, అక్కడిప్పుడు తప్పనిసరి. దవడకు పట్టు దొరకనంత లావుగా, నున్నగా ఉంటుంది. తిండే కాదు, టూత్‌పేస్టూ సబ్బూ కూడా రాత్రి అందులోనే ఉండాలి, పీపా గుడారానికి దూరంగా ఉండాలి. రాష్ట్రపు జెండా మీదున్న గ్రిజ్లీ జాతి 1920ల తరవాత కాలిఫోర్నియాలో కనిపించలేదు. ఇప్పుడున్నవి నల్ల ఎలుగులు. అవి మనిషి కోసం రావు, మనిషి తెచ్చిన దానికోసం వస్తాయి. ఆవకాయ సీసా మూత సరిగా బిగించకపోతే పీపాలో టూత్‌పేస్టుతో సహా అన్నీ ఎర్రబడతాయి. కాబట్టి ఇల్లాలి అర్థమూ గ్రాహ్యమే, కాకపోతే డబ్బాలో డబ్బా.

"చేపలు పడితే పడ్డాయి": నిష్కామకర్మ అనిపిస్తుంది. కొత్త స్పిన్నర్ల మీద కవి పెట్టిన ఖర్చు తెలిసినవారు అలా అనరు. అదలా ఉంచి, సియెర్రా కొండల పైసరస్సుల్లో చాలావాటిలో మొదట చేపలే లేవు. హిమానీనదాలు తొలిచిన గుంటల్లోకి, జలపాతాలు దాటి చేప ఎక్కలేకపోయింది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి మనుషులే కంచరగాడిదల మీద క్యాన్లలో ట్రౌట్ పిల్లల్ని మోసుకెళ్లారు, తరవాత విమానాల్లోంచి వదిలారు. అక్కడి పసుపుకాళ్ల కప్పకు ఇది చేటయింది. దాని తోకకప్పలు ఏళ్ల తరబడి నీళ్లలోనే పెరుగుతాయి గనుక చలికాలంలో అడుగుదాకా గడ్డకట్టని లోతైన సరస్సులే కావాలి. ట్రౌట్‌కూ అవే కావాలి. 2014లో ఆ కప్పను అంతరించిపోతున్న జాతుల్లో చేర్చారు, కొన్ని సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్‌ను తీసేశారు కూడా. కనుక తెచ్చి పెట్టిన చేపను తెలుగువాడు పరిమితికి లోబడి వేయించుకు తింటే దోషం లేదని ఈ వ్యాఖ్యాత మతం.

పరిశిష్టము: బావ ప్రతిలేఖ ఒక్క వాక్యం. "పర్మిట్ తీశావా?" ఆ అడవిలో రాత్రి పడుకోవడానికి ఏ కాలంలోనైనా పర్మిట్ కావాలి. మే చివరి వారాంతం నుంచి సెప్టెంబరు 30 దాకా ఎందరికివ్వాలో కోటా కూడా ఉంది. అందరూ కోరే తేదీలకు ముందుగానే అయిపోతుంది. ఈ ప్రశ్నకు కవి రాసిన జవాబు ఏ ప్రతిలోనూ దొరకలేదు. చదివినట్టు నీలం టిక్కులు మాత్రం రెండున్నాయి.