జొన్న నేలలో బి3 గోలీ

మీర్‌పేట్‌లో టీకేఆర్ కమాన్ దగ్గరి ఓ మందుల షాపులో, పైనుంచి రెండో అరలో నా కాపురం. నా పేరు నికోటినమైడ్. పక్క సీసాలో ఉన్నవాడు మా అన్న నికోటినిక్ యాసిడ్. మా ఇద్దరినీ నయాసిన్ అంటారు, విటమిన్ బి3 అని కూడా అంటారు. తిన్న తిండి ఒంట్లో శక్తిగా మారాలంటే మేం ఉండాలి. పెద్దవాళ్లకి రోజుకి 15 మిల్లీగ్రాములు అటూఇటూగా సరిపోతుంది. అది పల్లీల్లో, చేపల్లో, కోడిమాంసంలో దొరుకుతుంది. అవి కడుపునిండా తినేవాళ్లకి నాతో పనిలేదు.

మరి ఈ నేలకి నేనెందుకు కావలసివచ్చాను? దక్కన్‌లో మూడుపూటలా జొన్నరొట్టే తిని, పక్కన పప్పో పాలో లేని పేదలకి, ఒంట్లో మేం కరువైతే వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి పొలుసులు లేస్తాయి. విరేచనాలు పట్టుకుంటాయి, మతి తప్పుతుంది, వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. అమెరికాలోనూ, ఐరోపాలోనూ ఒకప్పుడు ఈ జబ్బు మొక్కజొన్న తినేవాళ్లకి వచ్చేది. జొన్న తినేవాళ్లకి ఎందుకొస్తోందో వెతికినవాళ్లు మన హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలోని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే దీనికి కారణమని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ మాటతో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు. అయినా పేదల కంచంలోకి తొంగిచూసి జబ్బు మూలం వెతికిన ఆ శాస్త్రవేత్తలంటే నాకు ఎనలేని గౌరవం.

మా అన్న సంగతి వేరు. కొలెస్ట్రాల్ తగ్గిస్తాడని 1955 నుంచీ పేరు. కానీ అందుకు రోజుకి గ్రాము, రెండు గ్రాములు మింగాలి. అంత మోతాదులో అతను విటమిన్ కాదు, పూర్తిగా మందే. మొహం ఎర్రబడి భగ్గుమంటుంది, షుగర్ పెరుగుతుంది, గౌట్ ఉన్నవాళ్లకి నొప్పి ముదురుతుంది, కాలేయం దెబ్బతినొచ్చు. నెమ్మదిగా కరిగే రకం గోలీలతో మొహం ఎర్రబడటం తగ్గినా, కాలేయానికి ముప్పు ఎక్కువని వైద్యులు హెచ్చరిస్తారు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు వాడుతున్న 25 వేలకు పైగా రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. అదనంగా నయాసిన్ ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి.

మొన్న జిమ్ నుంచి వచ్చిన ఓ అబ్బాయి మా అన్నని చూపించి అడిగాడు: “అక్కా, కొలెస్ట్రాల్‌కి మంచిదంట గదా, రెండు డబ్బాలియ్యి.”

“డాక్టర్ చీటీ ఉందా తమ్ముడూ? ముందు రక్తపరీక్ష చేయించుకో,” అని పంపించేసింది షాపు అక్క. ఆమె అలా అన్నందుకు నాకెంత నిమ్మళంగా అనిపించిందో!

ఇంకోరోజు పాలమూరు నుంచి కూలికొచ్చిన పెద్దమ్మ చర్మానికి పూత మందు అడిగింది. మెడ చుట్టూ నల్లటి పట్టీ, చేతులమీద పొలుసులు. టీబీ మందులు వాడుతోంది. వాటిలో ఐసోనియాజిడ్ అనే మందు విటమిన్ బి6ని దెబ్బతీస్తుంది. బి6 లేకుంటే తిండిలోని ట్రిప్టోఫాన్ నుంచి ఒళ్లు నయాసిన్ చేసుకోలేదు. అక్క పూత మందు ఇవ్వలేదు, పెద్దాసుపత్రికి పొమ్మంది. వారం తిరక్కుండా పెద్దమ్మ చీటీతో వచ్చింది: నికోటినమైడ్ 100 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు. నన్ను ఆమె చేతిలో పెట్టింది అక్క.

“టీబీ గోలీలు బంజేద్దునా బిడ్డా?”

“అస్సలు బంజేయొద్దు పెద్దమ్మా. డాక్టర్ సారు చెప్పినన్ని రోజులు అవీ ఇవీ రెండూ వేసుకో. రొట్టె తిను, కానీ దాంతో పప్పూ, గుడ్డూ, గుప్పెడు పల్లీలూ కూడా తిను.”